ఓరియో బిస్కత్తు పుట్టినిల్లు

పిల్లలుగల యింట బిస్కత్తు పొట్లము లేని దినము నేడు మిక్కిలి యరుదు. అందును రెండు బిళ్లల నడుమ తీపిముద్ద నుంచి యదిమిన జంట బిస్కత్తనిన బాలబాలికలకు ప్రాణము. ఆలోచించి చూడగా దీని సూత్రము మనకు క్రొత్తది కాదు. బొబ్బట్టునందును, కజ్జికాయయందును, పూర్ణపు బూరెయందును మన పెద్దలు చేసిన పని యిదియే: పైది యొక రుచి, లోనిది వేఱొక రుచి, రెండును పంటిక్రింద కలిసినప్పుడే వానికి సార్థక్యము. ఈ జాతి బిస్కత్తులలో లోకమంతట వ్యాపించినది ఓరియో. నల్లని బిళ్లలు, తెల్లని పూర్ణము, నీలపు పొట్లము. మన దేశమున నిది 2011వ సంవత్సరమున నడుగిడినది. ఇప్పుడు హైదరాబాదున నేమి, రాజమహేంద్రవరమున నేమి, వీథిమొగనున్న కిరాణాదుకాణములలో సయితము దొరకుచున్నది. దీని పుట్టినిల్లు న్యూయార్కు నగరము. ఆ యిల్లు నేటికిని నిలిచియున్నది గాని యందు పొయ్యిలు లేవు. ఆ చోటును చూచివచ్చిన వృత్తాంతమును, ఆనాడు రుచులనుగూర్చి మాలో మాకు గలిగిన వాదమును సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

బయలుదేరినవారిలో పెద్దవారు పిన్నిగారు. ఆమె 1980 ప్రాంతమున కాపురమునకు న్యూజెర్సీ రాష్ట్రమునకు వచ్చి, అక్కడనే పిల్లలను పెంచి, మనుమల నెత్తినవారు. ఆమెతో వదినగారు, వదినగారి కోడలు, ఆ కోడలి పిల్లలిద్దఱు, వెంట మేము. హోబోకెను పట్టణమున రైలెక్కితిమి. ఇది హడ్సను నదికి పడమటి యొడ్డుననున్న చిన్న పట్టణము. దీనికిని ఓరియోకును సంబంధము కలదు. 1912 మార్చి 6వ తేదీన ఈ బిస్కత్తులను మొట్టమొదట కొన్నవాడు హోబోకెనులోని యొక కిరాణావర్తకుడే. ఆ కాలమున నవి కాగితపు పొట్లములలో గాక గాజుమూతలుగల రేకుడబ్బాలలో వచ్చుచుండెడివి. వర్తకుడు తూచి యమ్ముచుండెడివాడు. మే మెక్కిన రైలు నదిక్రింది సొరంగమున పోవును. ఆ సొరంగమును 1908వ సంవత్సరముననే తెఱచిరి. నీటిక్రింద పోవుచున్నామని చెప్పగా పిల్లలు కిటికీలకు ముఖము లానించి చేపలకొఱకు వెదకిరి. చీకటి తప్ప మఱేమియు గానరాలేదు. పావుగంటకు నావలియొడ్డున పదునాలుగవ వీథికి చేరి, అక్కడనుండి పడమరగా తొమ్మిదవ అవెన్యూ వఱకు నడచితిమి. ఆ నగరమున నిలువు దారులకు అవెన్యూలనియు, అడ్డదారులకు వీథులనియు పేరు. పెక్కింటికి అంకెలే గనుక క్రొత్తవారు సయితము దారి తప్పరు.

తొమ్మిదవ, పదియవ అవెన్యూల నడుమను, పదునేనవ, పదునాఱవ వీథుల నడుమను ఒక చతురము నంతను ఆక్రమించి యెఱ్ఱని యిటుకల కట్టడములు గలవు. అవి యొకేసారి కట్టినవి కావు. 1890 మొదలు పలు దఫాలుగా లేచినవి. 1898లో అనేక బిస్కత్తు కంపెనీలు కలిసి నేషనల్ బిస్కత్ కంపెనీ యను పేర నొక్కటి యైనప్పుడు ఈ కార్ఖానా దానిలో చేరెను. నేటి నబిస్కో యను పేరు దాని సంక్షేపమే. 1934లో నేలకు 30 అడుగుల యెత్తున ఇనుపస్తంభములమీద నొక రైలుమార్గము వేసి, ఆ మార్గమును ఈ కట్టడములలోనుండియే పోనిచ్చిరి. బండి తిన్నగా రెండవ యంతస్తున జొచ్చి సరకును దింపి పోవుచుండెను. వీథిలో బండ్లక్రింద పడి జనులు చచ్చుచుండగా, ఆ బాధను మాన్పుటకై పన్నిన యుపాయమిది.

1958లో కంపెనీవా రీ నగరమునందలి పొయ్యిలను మాని, న్యూజెర్సీలోని ఫెయిర్‌లానుకు తరలిపోయిరి. అటుపిమ్మట నిచ్చట చాలకాలము సందడి లేదు. 1997లో లోపలిభాగమును బజారుగా మార్చి చెల్సీ మార్కెట్టు అని పేరిడిరి. 2018లో గూగులు సంస్థవారు దీనిని 240 కోట్ల డాలర్లకు గొనిరి. క్రింద తినుబండారముల యంగళ్లు, పైని కంప్యూటరు కచ్చేరీలు. ఈ ప్రక్క తొమ్మిదవ అవెన్యూకు 2002లో ఓరియో వే యని గౌరవనామ మిచ్చిరి.

లోపల నడచుట కింపుగానున్నది. పాతగోడలకు సున్నము గొట్టలేదు. ఇటుకలు, ఇనుపదూలములు, త్రుప్పుపట్టిన గొట్టములు ఎట్లున్నవి యట్లే యుంచిరి. ఒకచోట విఱిగిన పెద్దగొట్టమునుండి నీరు జలపాతమువలె నూతిలోనికి పడుచుండును. పిల్లల నచ్చటినుండి కదల్చుట కష్టమయ్యెను. చేపల యంగడివద్ద పిన్నిగారు ముక్కునకు కొంగడ్డము పెట్టుకొని వడివడిగా నడచిరి. రొట్టెలు, కాఫీ, మసాలాదినుసులు, ఐస్‌క్రీములు అన్నియు గలవు. ఓరియోను కాల్చు పొయ్యి మాత్రము లేదు. పుట్టినింటికి పోయి చూడగా అన్నదమ్ములు అమ్ముకొని పోయినట్లున్నదని వదినగారనిరి.

ఒక మూలనున్న బల్లపై గూర్చుండి పిన్నిగారు చెప్పిన సంగతి మా యాత్రకంతకును ముఖ్యమైనది. అది తెలియుటకు ముందొక్కమాట చెప్పవలెను. ఓరియో మొదటి జంట బిస్కత్తు గాదు. 1908లోనే కాన్సస్ నగరమున లూస్ వైల్స్ కంపెనీవారు హైడ్రాక్సు అను నల్లని జంట బిస్కత్తును జేసిరి. జలములోని హైడ్రొజను, ఆక్సిజనుల పేర్లు కలిపి, నీటివలె శుద్ధమైనదని తెలుపుట కా పేరు పెట్టిరట. వినుట కది మందుసీసా పేరువలె నున్నది; పేరు సరిగా పెట్టకపోయిన నెంతటి సరకైనను వెనుకబడునని దీనివలన తెలియును. నాలుగేండ్ల తరువాత వచ్చిన ఓరియో దానిని దాటిపోయెను. లోకులు హైడ్రాక్సునే నకలని భావించిరి. కాని రెండింటికిని లోపల నొక భేదముండెడిది. ఓరియో పూర్ణమున బహుకాలము పందికొవ్వు వాడుచుండిరి. హైడ్రాక్సున నది లేదు.

పిన్నిగారు వచ్చిన క్రొత్తలో వారి యిల్లు ఫెయిర్‌లానుకు సమీపమున నుండెనట. కార్ఖానా రాచబాట ప్రక్కనే యుండుటచేత, కారులో పోవునప్పుడెల్ల వేడిబిస్కత్తుల పరిమళము కిటికీలనుండి లోనికి వచ్చుచుండెను. వెనుక గూర్చున్న ఆఱేండ్ల కుమారుడు, "అమ్మా, బడిలో అందఱును తెచ్చుకొందురు, నాకొక్కటి యిమ్ము" అని యేడ్చుచుండెడివాడట. పిన్నిగారు పొట్లము వెనుక చిన్నయక్షరములను చదివినవారు గనుక కొనరైరి. అత్తగారు కూడ నింటనేయుండిరి; మడియాచారములు గల యిల్లు. వాసన మాత్రము చూచుచు నా బిడ్డ మూడేండ్లు గడపెను. తల్లికి కొడుకు నోటివద్దిది కాదనుటకంటె కష్టమేమున్నది?

అప్పుడు ప్రక్కయింటి యూదు గృహిణి పిల్లవాని యేడుపును విని, తన యల్మారలోని హైడ్రాక్సు పొట్లమును దెచ్చి, దానిపైనున్న ముద్రను పిన్నిగారికి జూపి యర్థము చెప్పినదట. యూదులు శాకాహారులు గారు. ఐనను పంది వారికి నిషిద్ధము. పాలును మాంసమును కలిపి తినుటయు నిషిద్ధము. అందుచేత వారి పెద్దలు పాలవస్తువుగా నంగీకరించి ముద్రవేసిన బిస్కత్తులో పశువు కొవ్వుండుటకు వీలులేదు. ఎవరి శాస్త్రమో మన యాచారమును గాపాడెనని చెప్పి పిన్నిగారు నవ్విరి. నాటినుండి వారింట హైడ్రాక్సే. అత్తగారు మాత్రము, ఎవరేమి చెప్పినను, కడవఱకును దానిని ముట్టలేదట. అదియు నొక పద్ధతి; మేము తప్పు పట్టము.

ఓరియోవారు తరువాత పందికొవ్వును మానిరి. యూదుల ముద్ర సంపాదించుట కది మాత్రమే చాలలేదు. పాతకొవ్వు తగిలిన పొయ్యిలను, పనిముట్లను వారి గురువుల పర్యవేక్షణమున మంటలతో కాల్చి శుద్ధి చేయవలసివచ్చెను. సుమారు మూడేండ్ల శ్రమకు పిమ్మట 1997 డిసెంబరున ముద్ర లభించెను. మైలపడిన యిత్తడిగిన్నెను నిప్పులలో కాల్చి తీసికొను మన యమ్మమ్మలకు దీనిలో నాశ్చర్యము తోపదు. ఐస్‌క్రీము చేయువారు ఆ ముద్రగల బిస్కత్తుపొడినే కోరుచుండుటచే కంపెనీ కీ పట్టుదల గలిగినదని చెప్పుదురు. భక్తికంటె బేరమే ప్రేరకమైనను ఫలము మంచిదే.

మఱుసటి యేడు పిన్నిగారు ముద్రవేసిన నీలపు పొట్లమును గొనితెచ్చి, అప్పటికి మీసములు వచ్చిన కుమారుని ముందు పెట్టిరట. అతడొకటి తిని, "అమ్మా, మన హైడ్రాక్సే నయము, ఇది మఱీ తీపి" అనెనట! ఆ హైడ్రాక్సును 2003లో కంపెనీవారు మానినప్పు డతడు మిక్కిలి చింతిల్లెను. 2015లో వేఱొక సంస్థవారు దానిని మరల జేయసాగిరి. నేటికి నతడు పోస్టులో తెప్పించుకొనుచున్నాడు. ఫెయిర్‌లాను కార్ఖానా 2021లో మూతపడెను. ఆ బాటలో నిప్పు డా పరిమళము లేదు.

ఇంతలో పిల్లలు తొందరపెట్టగా బజారునుండి వెలువడి, పదునాఱవ వీథివద్ద మెట్లెక్కి పైకి పోతిమి. పూర్వము సరకుబండ్లు నడచిన రైలుమార్గమే యది. 1980లో కడపటి బండి నడచెను. 2009లో దానిని పూలమొక్కలతో నుద్యానముగా జేసి హైలైన్ అని పేరిడిరి. పట్టాలు గడ్డి నడుమ నక్కడక్కడ కానవచ్చును. నది గాలి చల్లగా వీచుచుండెను. పిండిబస్తాలు పోయిన దారిలో బల్లపై గూర్చుండి, ఇంటినుండి తెచ్చిన ఐదు పొట్లములను విప్పితిమి: మొదటిరకము, రెట్టింపు పూర్ణము గలది, బంగారువన్నె బిళ్లలది, పుదీనాది, నిమ్మది. ఏది యుత్తమమని వాదము మొదలయ్యెను.

వదినగారి కోడలు పుదీనా పక్షము. నల్లని చాక్లెటుబిళ్ల చేదునకు పుదీనా చలువ తోడై నోరు తేటపడునని యామె వాదము. వదినగారు ఒక్కటి కొఱికి, "పుదీనా పచ్చడికి తగును గాని తీపికి తగునా అమ్మాయీ? పండ్లు తోముకొన్నట్లున్నది" అనిరి. కోడలు, "అత్తయ్యగారూ, తాంబూలములో పచ్చకర్పూరము మీరు వేసికొనరా?" అనినది. వదినగారు వెంటనే బదులు చెప్పలేక రెండవది తీసికొనిరి. పిల్లలు బంగారుబిళ్లల పక్షము. అందు చేదన్నది లేదు గనుక వారికి ప్రీతి. మా యభిప్రాయమున నది బిస్కత్తుపై బిస్కత్తే. పైకిని లోనికిని భేదము లేనప్పుడు జంట యేల?

రెట్టింపు పూర్ణముగూర్చి పెద్ద చర్చ జరిగెను. ఇది 1970 దశకమున వచ్చినది. పేరునకు రెట్టింపే గాని నిజముగా రెట్టింపా యని 2013లో న్యూయార్కు రాష్ట్రమునందలి యొక గణితోపాధ్యాయుడు విద్యార్థులచేత తూయించి చూడగా 1.86 రెట్లే తేలినదట. తూనికలో తరుగు పెట్టుట మన బజారునకే పరిమితము గాదన్నమాట. తరుగైనను మాకది యెక్కువే. పూర్ణము మితిమీరిన బొబ్బట్టు పెనముమీదనే పగులును. తిన్నవారికి నోరు కట్టివేయును. ఇచ్చటను అంతే. క్రీము అను పేరే గాని యిందు పాలమీగడ లేదు. చక్కెరయు, పామాయిలువంటి నూనెయు, వనిల్లా వాసనయు ముఖ్యములు. బిళ్లలో క్షారముతో సంస్కరించిన కోకో యుండుటచేత కాటుకవంటి నలుపును, కొంచెము చేదును గలుగుచున్నవి. ఆ చేదే తీపిని నిలుపునది. కావున రెండు బిళ్లలకు పలుచని పూర్ణమున్న మొదటిరకమే కొలత కుదిరినదని మేము వాదించితిమి.

పిల్లలు బిళ్లలను మెలిపెట్టి విడదీసి పూర్ణమును నాకుచుండిరి. చెఱిసగము రెండువైపుల నంటునట్లు విప్పగలవారికి పందెమని చెప్పగా పది బిస్కత్తులు పాడయ్యెను గాని యెవరికిని సాధ్యము గాలేదు. సాధ్యము గాదు కూడ. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము వారు 2022లో యంత్రముపెట్టి మెలిపెట్టి చూడగా పూర్ణ మించుమించుగా నెల్లప్పుడును ఒక బిళ్లకే యంటుకొని వచ్చినదట. రుచి మార్చినను, పూర్ణము హెచ్చించినను ఫలము మాఱలేదు. ఇంత గొప్పపండితులు దీనికి పూనుకొనిరాయని పిన్నిగారు విస్తుపోయిరి.

దేశదేశమునకును రుచి వేఱు. చైనాకు 1996లో ఓరియో పోగా నచ్చటివారు అతితీపి యనిరి. పదేండ్లకు గాని కంపెనీవారికి జ్ఞానోదయము గాలేదు. అప్పుడు తీపి తగ్గించిరి, గ్రీన్‌టీ రుచిని జేర్చిరి. ఆర్జెంటీనాలో పాలకోవవంటి పాకముతో చేయుదురు. మన దేశమున చాక్లెటు, స్ట్రాబెర్రి పూర్ణములు గలవు. మన పొట్లముపై ఆకుపచ్చని చుక్క యుండుటచేత పిన్నిగారు పడిన చిక్కు మన తల్లులకు లేదు. అమెరికాలో పుచ్చకాయ రుచి 2013లో కొన్నాళ్లు వచ్చి పోయినది. 2018లో చైనాలో ఆవఘాటువంటి వసాబి రుచిని, కారపు కోడిరెక్కల రుచిని గూడ అమ్మిరి. కోడిరెక్కల మాట వినగానే పిన్నిగారు చెవులు మూసికొనిరి. ఇవి తినుటకు గాక, పేరు చెప్పుకొనుటకు పుట్టిన రుచులని మాకు తోచినది.

తల్లులకు చెప్పవలసిన మాట యొకటి. పందికొవ్వు పోయిన తరువాత దాని స్థానమున గట్టిపఱచిన నూనె వచ్చెను. అది గుండెకు మంచిది కాదని తేలగా 2003లో కాలిఫోర్నియాలో నొక న్యాయవాది దావావేసి, కంపెనీవారు మార్పునకు సమ్మతింపగా మరల్చుకొనెను. 2006 మొదలు ఆ దేశమున నిట్టి కొవ్వెంతయున్నదో పొట్లముపై వ్రాయుట విధి. ఓరియోలోనుండి యది తొలగెను. చక్కెర మాత్రము తొలగలేదు. మూడు బిస్కత్తులలో సుమారు 14 గ్రాములు, అనగా మూడుచెంచాలకు పైమాట. పిల్లవాడు పొట్లమంతయు దినుచుండగా వంటింటిలో నుండి చూచి మురియువారు గమనింతురుగాక.

కడకు పిన్నిగారు నిమ్మపొట్లమును తీసికొనిరి. ఎవరును దానిని పలుకరింపలేదు. నిమ్మ క్రొత్తరుచి గాదని మేము చెప్పితిమి. తొలి సంవత్సరములలో వనిల్లాకు తోబుట్టువుగా నిమ్మపూర్ణముగల ఓరియోను గూడ నిచ్చటనే చేయుచుండిరి. 1920 దశకమున దానిని మాని, తెల్లపూర్ణమునే నిలుపుకొనిరి. ఇంచుమించు తొంబదియేండ్ల తరువాత బంగారువన్నె బిళ్లలతో నది మరల వచ్చినది. పిన్నిగారు దానిని రుచిచూచి, "చేదులేని బిళ్లకు పులుపు చేదుపని చేయుచున్నది" అనిరి. వంట తెలిసినవారి మాట! మా వాదమునకు సరియైన బదులదియే యని యొప్పుకొనక తప్పినది గాదు గాని, మొదటిస్థానము మొదటిరకమునదే యని మేము పట్టు విడువలేదు.

తుదకు చేతులెత్తి లెక్కింపగా మొదటిరకమునకు రెండు, బంగారుబిళ్లలకు రెండు, పుదీనాకు కోడలి దొకటి, నిమ్మకు పిన్నిగారి దొకటి. వదినగారు మాతో చేతులెత్తిరి గాని యెడమచేతిలో పుదీనాబిస్కత్తును దాచియుండిరి. రైలునకు వేళయైనందున పొట్లములను సంచిలో సర్దబోగా నాలుగు పొట్లములలోను తలా కొన్ని మిగిలియుండెను. నిమ్మపొట్లము మాత్రము ఖాళీ.